యాప్ పోయినా పైకం పోదు

ఫోనులో గుర్తు మాయమైతే గాభరా వద్దు. ముక్కూ మొహం తెలియని నంబరుకు ఫోను చేస్తేనే ముప్పు

శ్రీకాకుళం, విజయనగరం: రొంటిన డబ్బు దోపుకుని సంతకు వెళ్లే రోజులు చాలావరకు వెనకబడ్డాయి. పలాసలో జీడిపప్పు కొన్నా, నరసన్నపేటలో పెళ్లిబట్టలు తీసుకున్నా, రాజాంలో ఎరువుల బస్తా ఎత్తినా, చీపురుపల్లి రైలుస్టేషను బయట టీ తాగినా పైకం సెల్‌ఫోను ద్వారానే చేతులు మారుతున్నది. చెన్నైలోనో హైదరాబాదులోనో తాపీ పనికి పోయిన కొడుకు పంపే సొమ్ము, గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేటకు పోయిన ఇంటాయన మాట, పది పాసైన పిల్ల మార్కుల జాబితా అన్నీ ఆ అరచేతి పెట్టెలోనే ఉంటున్నాయి.

అలాంటి ఫోనులో ఒకనాడు చూసేసరికి డబ్బు పంపే యాప్ కనిపించదు. మనవడు ఆటల కోసం ఫోను తీసుకుని ఏదో నొక్కి ఉంటాడు. లేదా ఫోను నిండిపోయిందని పనికిరానివి తీసేస్తూ పనికొచ్చేదీ తీసేసి ఉంటారు. ఇక ఆ ఇంట్లో గాభరా మొదలు. "గుంటడు ఏటి నొక్కీసినాడో తెల్దు బాబూ, ఫోన్‌పే పోనాది. అందులో డబ్బులు కూడా పోనట్టేనేటి?" అని సెల్ దుకాణం ముందు నిలబడి అడిగే పెద్దవాళ్లకు ఏ మండల కేంద్రంలోనూ కొదవలేదు.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. డబ్బు పోలేదు. యాప్ పోయినందువల్ల ఎవరి పైకమూ పోదు. అయితే ఆ గాభరాలో, ఆ తరువాత అరగంటలో చేసే పనుల వల్ల మాత్రం పైకం పోతున్నది. యాప్‌ను తిరిగి తెచ్చుకోవడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు తొందరపడకుండా ఉండడమే కష్టమైన పని.

యాప్ గుమ్మం మాత్రమే

యాప్ అంటే ఏమిటో తెలిస్తే సగం భయం తీరుతుంది. బ్యాంకులో మన ఖాతా ఉంటుంది. పాసుపుస్తకం పోతే ఖాతా పోదు కదా. బ్యాంకుకు వెళ్లి మరో పుస్తకం తీసుకుంటాం. ఫోనులోని యాప్ కూడా అటువంటిదే. అది బ్యాంకు ఖాతాకు ఫోనులో పెట్టుకున్న గుమ్మం. గుమ్మం తీసేసినంత మాత్రాన గదిలోని బియ్యం బస్తాలు మాయం కావు.

ఫోన్‌పే, గూగుల్‌పే, భీమ్ వంటి యాప్‌లన్నీ యూపీఐ అనే ఒకే ఏర్పాటు మీద నడుస్తున్నాయి. దీనిని 2016 ఏప్రిల్‌లో ప్రారంభించారు. ఆ ఏడాది చివర, పెద్దనోట్ల రద్దు తరువాత, డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. ఈ ఏర్పాటులో పైకం యాప్ దగ్గర ఉండదు. ఒకరి బ్యాంకు ఖాతా నుంచి మరొకరి బ్యాంకు ఖాతాకు నేరుగా వెళుతుంది. యాప్ చేసే పని బ్యాంకుకు కబురు అందించడమే.

ఇందుకు రుజువు ప్రతి కిరాణా కొట్టు గోడ మీదా ఉన్నది. కొట్టు యజమాని తన ఫోనులో యాప్‌ను పొరపాటున తీసేసినా, గోడ మీద అంటించిన క్యూఆర్ బొమ్మకు పైకం వస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ బొమ్మ ఆయన ఖాతా చిరునామా చెబుతుంది గాని, ఆయన ఫోనులో యాప్ ఉన్నదా లేదా అని చూడదు. ఆయన యాప్‌ను తిరిగి పెట్టుకున్నాక పాత చెల్లింపుల లెక్క కూడా అందులో కనిపిస్తుంది.

ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి. యూపీఐ లైట్ అని 2022లో వచ్చిన సదుపాయం ఒకటి ఉన్నది. చిన్న చిన్న చెల్లింపుల కోసం ఖాతాలోంచి కొంత మొత్తం ముందే పక్కకు తీసి ఉంచుతారు. పిన్ కొట్టకుండానే దాన్ని ఖర్చు చేయవచ్చు. ఈ మొత్తం కూడా బ్యాంకు లెక్కలోనే ఉంటుంది. అయినా యాప్ కావాలని తీసేసేవారు ముందుగా ఆ సొమ్మును ఖాతాలోకి మళ్లించుకోవడం మంచిది. పొరపాటున తీసేసినవారు యాప్ తిరిగి పెట్టుకున్నాక అది కనిపించకపోతే ఖాతా ఉన్న బ్యాంకులో అడగాలి.

ముందు వెతకండి

యాప్ కనిపించడం లేదు అన్న పది మందిలో అందరి యాప్ పోయి ఉండదు. కొన్నిసార్లు పోయేది పై పలక మీది గుర్తు మాత్రమే. అందుకని మొదటగా వెతకాలి.

ఫోను తెరిచాక తెర కింది నుంచి పైకి వేలితో తోస్తే ఫోనులో ఉన్న యాప్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడ ఉంటే యాప్ పోనట్టే. దాని గుర్తు మీద వేలు నొక్కిపట్టి పై పలక మీదికి లాగితే మళ్లీ పాత చోటే ఉంటుంది.

అక్కడా లేకపోతే సెట్టింగుల్లోకి వెళ్లి యాప్స్ అన్న చోట చూడాలి. ఫోనుతో పాటు వచ్చిన కొన్ని యాప్‌లను తీసేయడం కుదరదు, ఆపడం మాత్రం కుదురుతుంది. అలా ఆగిపోయినది ఆ వరుసలో డిసేబుల్డ్ అని కనిపిస్తుంది. దాన్ని తెరిచి ఎనేబుల్ అని నొక్కితే లేచి వస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో యాప్‌లను దాచిపెట్టే వీలు కూడా ఉన్నది. పిల్లలు ఆటగా దాచి ఉండవచ్చు. ముందు వాళ్లను మెల్లగా అడగాలి. కొడతారన్న భయం ఉంటే పిల్లవాడు నిజం చెప్పడు.

ఫోను తనంతట తాను చేసే పని మరొకటి ఉన్నది. ఫోనులో చోటు చాలనప్పుడు, ఎక్కువ కాలం వాడని యాప్‌లను కుదించి పక్కన పెట్టే సదుపాయాన్ని గూగుల్ 2023లో తెచ్చింది. అలాంటి యాప్ గుర్తు అక్కడే ఉంటుంది. దాని మీద చిన్న మబ్బు బొమ్మ కనిపిస్తుంది. నెట్ ఉన్న చోట దాన్ని ఒకసారి నొక్కితే చాలు, యాప్ తిరిగి దిగుతుంది. అందులోని మన వివరాలు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

పాత జాబితా ప్లే స్టోర్‌లో ఉంటుంది

ఎక్కడా లేదని తేలితే యాప్ నిజంగానే పోయిందన్నమాట. అప్పుడు వెళ్లవలసిన చోటు ఒక్కటే. అది ఫోనులోనే ఉన్న ప్లే స్టోర్.

ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున గుండ్రంగా ఉన్న మన పేరు బొమ్మను నొక్కాలి. అందులో మేనేజ్ యాప్స్ అండ్ డివైస్ అన్న మాట ఉంటుంది. దాన్ని నొక్కి, మేనేజ్ అన్న భాగంలోకి వెళ్లాలి. అక్కడ ఫోనులో ఇప్పుడున్న యాప్‌ల జాబితా వస్తుంది. పైన ఇన్‌స్టాల్డ్ లేదా దిస్ డివైస్ అని ఉన్న చోట నొక్కి నాట్ ఇన్‌స్టాల్డ్ అని మార్చాలి. అంతకు ముందు ఎన్నడో పెట్టుకుని తీసేసిన యాప్‌లన్నీ వరుసగా వస్తాయి. కావలసినదానికి పక్కన గీత పెట్టి ఇన్‌స్టాల్ చేసుకోవడమే. పేరు గుర్తులేని యాప్‌లను కూడా ఈ జాబితాలో చూసి పోల్చుకోవచ్చు.

ఐఫోను ఉన్నవారు యాప్ స్టోర్‌లో తమ పేరు బొమ్మ నొక్కి, పాత యాప్‌ల జాబితాలో ఈ ఫోనులో లేనివి అన్న భాగం చూడాలి. అక్కడ మబ్బు, బాణం గుర్తు నొక్కితే యాప్ దిగుతుంది. ఇదివరకు డబ్బు పెట్టి కొన్న యాప్ అయినా అదే ఖాతాతో దింపుకుంటే రెండోసారి డబ్బు అడగదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ జాబితా ఫోనుది కాదు, ఆ ఫోనులో ఉన్న గూగుల్ ఖాతాది. ఫోను కొన్ననాడు దుకాణంలో కుర్రవాడు తన ఇష్టం వచ్చిన పేరుతో ఖాతా తెరిచి ఇస్తాడు. పాస్‌వర్డు ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోను బాగున్నంతకాలం దానితో పని పడదు. ఫోను పాడైన రోజున, మార్చిన రోజున ఆ పేరు, ఆ పాస్‌వర్డు లేక పాతవన్నీ పోతున్నాయి. రెండేళ్లపాటు ఎవరూ వాడని గూగుల్ ఖాతాలను తొలగించడం కూడా 2023 డిసెంబరు నుంచి మొదలైంది. అందువల్ల ఎవరి ఫోనులో ఏ మెయిల్ పేరు ఉన్నదో ఈ రోజే చూసి నోటుబుక్కులో రాసుకోవడం అవసరం.

సిమ్ము, పిన్ను

పైకం పంపే యాప్‌ను తిరిగి పెట్టుకున్నాక అది మొదట ఫోను నంబరు అడుగుతుంది. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు తాలూకు సిమ్ము ఆ ఫోనులోనే ఉండాలి. ఎందుకంటే ఆ ఫోను నుంచి బ్యాంకుకు ఒక సందేశం దానంతట అదే వెళుతుంది. ఖాతాదారుడే అడుగుతున్నాడని బ్యాంకు పోల్చుకునేది దానివల్లనే. సందేశం వెళ్లడానికి సిమ్ములో రీచార్జి ఉండాలి. రెండు సిమ్ములున్న ఫోనులో ఏ సిమ్ము అని అడిగినప్పుడు సరైనదాన్ని చూపాలి. యాప్ తిరిగి రాలేదని చెప్పేవారిలో చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే.

పాత పిన్ను అలాగే చెల్లుతుంది. యాప్ మార్చినా, ఫోను మార్చినా పిన్ను మారదు, ఎందుకంటే అది బ్యాంకు ఖాతాకు పెట్టుకున్నది. మరచిపోయినవారు ఏటీఎం కార్డు మీది చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ కొట్టి, ఫోనుకు వచ్చే ఓటీపీతో కొత్త పిన్ను పెట్టుకోవచ్చు. చాలా బ్యాంకుల్లో కార్డు లేనివారికి ఆధార్ ద్వారా కూడా ఈ వీలు ఉన్నది. కొత్త ఫోనులో నమోదైన మొదటి 24 గంటలు పంపగల మొత్తానికి పరిమితి ఉంటుంది. పెద్ద మొత్తం వెళ్లలేదని అప్పుడు కంగారు పడనక్కరలేదు.

వలస వెళ్లినవారి ఇళ్లలో సిమ్ము సమస్య ఎక్కువ. బ్యాంకుకు ఇచ్చిన నంబరు ఇంటాయనది. ఆయన ఆ సిమ్ముతో పై రాష్ట్రానికి పోతాడు. ఇంటి దగ్గర భార్య ఫోనులో యాప్ పోతే తిరిగి పెట్టుకోవడానికి ఆ సిమ్ము చేతిలో ఉండదు. గల్ఫ్ దేశాలకు, ఓడల మీద ఉద్యోగాలకు వెళ్లే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల వారిది మరో బాధ. ఊళ్లో వాడిన నంబరుకు రీచార్జి మానేస్తారు. చాలాకాలం వాడని నంబరును కంపెనీ రద్దు చేసి మరొకరికి ఇవ్వవచ్చు. తరువాత బ్యాంకు సందేశాలు ఆ కొత్త మనిషికి వెళతాయి. భార్య పేరున విడిగా ఖాతా, ఆమె నంబరుతోనే తెరిపించుకోవడం, బ్యాంకుకు ఇచ్చిన నంబరును చావనివ్వకుండా చూసుకోవడం దీనికి మందు. నంబరు ఇప్పటికే పోయి ఉంటే బ్యాంకు శాఖకు వెళ్లి రాతపూర్వకంగా మార్పించుకోవాలి.

తుపానులు చూసిన జిల్లాలకు ఈ మాట కొత్త కాదు. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడూ అంతే. ఫోనే పనిచేయని రోజు వస్తుందని తెలిసినవారు పాసుపుస్తకాన్ని, ఏటీఎం కార్డును, కొంత చేతి పైకాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

వాట్సప్ మాటలు, బొమ్మలు

డబ్బు యాప్ తరువాత ఎక్కువగా పోగొట్టుకునేది వాట్సప్. రేవుల్లో వేటకు పోయినవారి ఇళ్లలో భర్తతో మాట, పిల్లల ముఖం అన్నీ అందులోనే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 9552300009 నంబరు మీద వాట్సప్ ద్వారా సర్టిఫికెట్లు, బిల్లుల చెల్లింపుల సేవలు మొదలుపెట్టాక దాని అవసరం ఇంకా పెరిగింది.

వాట్సప్ యాప్‌ను తీసేసినా ఖాతా పోదు. గ్రూపుల్లో మన పేరు అలాగే ఉంటుంది. యాప్ లేని రోజుల్లో వచ్చిన సందేశాలు 30 రోజుల వరకు కంపెనీ దగ్గర నిలిచి ఉండి, తిరిగి పెట్టుకున్నాక అందుతాయి. అయితే పాత మాటలు, బొమ్మలు తిరిగి రావాలంటే అవి బ్యాకప్ అయి ఉండాలి. బ్యాకప్ అంటే మన గూగుల్ ఖాతాలో ఒక నకలు దాచడం. వాట్సప్ సెట్టింగుల్లో చాట్స్ అన్న చోట చాట్ బ్యాకప్ అని ఉంటుంది. అక్కడ రోజుకోసారి లేదా వారానికోసారి అని ముందే పెట్టుకోవాలి. 2024 నుంచి ఈ నకలు కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులో లెక్కకు వస్తున్నది. శుభోదయం బొమ్మలు, వీడియోలతో అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది.

యాప్ తిరిగి పెట్టేటప్పుడు పాత ఫోను నంబరే కొట్టాలి, ఫోనులో పాత గూగుల్ ఖాతాయే ఉండాలి. బ్యాకప్ దొరికింది, రిస్టోర్ చేయమంటారా అని యాప్ అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కి ముందుకు పోతే పాతవి రావు. అలా నొక్కినవారు కొత్త బ్యాకప్ పడకముందే యాప్‌ను మళ్లీ తీసేసి, మళ్లీ పెట్టుకుని, ఈసారి రిస్టోర్ అని నొక్కితే రావచ్చు. బ్యాకప్‌కు పాస్‌వర్డు పెట్టుకుని మరచిపోయినవారికి మాత్రం కంపెనీ కూడా ఏమీ చేయలేదు.

ఈ సందర్భంలో ఆరు అంకెల సంకేతం ఫోనుకు వస్తుంది. అది మన ఒక్కరికోసమే. తెలిసినవారి పేరుతో ఎవరైనా పొరపాటున మీకు వచ్చింది, చెప్పండి అని అడిగినా చెప్పరాదు. చెబితే మన వాట్సప్ వాళ్ల చేతికి పోతుంది. తరువాత మన పేరు చెప్పి మన బంధువులనే డబ్బు అడుగుతారు.

చదువు పత్రాల మాట కొస్తే, 2015 నుంచి ఉన్న డిజిలాకర్ యాప్ తీసేసినా అందులోని పత్రాలు పోవు. తిరిగి పెట్టుకుని పాత వివరాలతో లోపలికి వెళితే మళ్లీ కనిపిస్తాయి. ఫొటోల యాప్ కూడా అంతే. నకలు దాచి ఉన్న ఫొటోను గూగుల్ ఫొటోస్‌లో పొరపాటున చెరిపినా 60 రోజులపాటు దాని చెత్తబుట్టలో ఉంటుంది. నకలు లేనిదైతే 30 రోజులు ఉంటుంది. ఈ లోగా తీసుకోవాలి.

తిరిగి రానివి కొన్ని

పోయినవన్నీ తిరిగి వస్తాయని చెప్పడం నిజం కాదు. ఫోనులోనే ఉండి, బయట ఎక్కడా నకలు లేనివి యాప్‌తో పాటే పోతాయి. ఖాతా లేకుండా ఆడిన ఆటల లెక్కలు, కొన్ని రకాల నోటు పుస్తకం యాప్‌లలో రాసుకున్న వడ్డీ లెక్కలు ఇటువంటివి. సిగ్నలు లేని ఏజెన్సీ పల్లెల్లో పనిచేసే సిబ్బంది దీన్ని ముఖ్యంగా గమనించాలి. ఉపాధి హామీ పనుల్లో హాజరును ఫొటోలతో సహా యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఇటువంటి ఏ యాప్‌లోనైనా తీసి, ఇంకా పంపని వివరాలు ఉండగా యాప్‌ను తీసేస్తే అవి దక్కవు. సిగ్నలు ఉన్న చోటికి వచ్చి, వివరాలు వెళ్లాయని చూసుకున్నాకే ఫోను జోలికి పోవాలి.

మరికొన్ని యాప్‌లు పోవడానికి కారణం మన పొరపాటు కాదు. టిక్‌టాక్, షేర్‌ఇట్, జెండర్, యూసీ బ్రౌజర్, కామ్‌స్కానర్ సహా 59 చైనా యాప్‌లను కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. సినిమాలు, పాటలు ఒక ఫోను నుంచి మరో ఫోనుకు ఎక్కించుకోవడానికి మన పల్లెల్లో షేర్‌ఇట్, జెండర్ ఎంతో వాడారు. ఆ రోజుల నాటి పేర్లతో ఇప్పుడు ఎవరైనా ఫైలు పంపి పెట్టుకోమంటే నమ్మరాదు. ఫోన్ల మధ్య ఫైళ్లు పంపుకోవడానికి ఆండ్రాయిడ్‌లోనే క్విక్ షేర్ అనే వీలు ఉన్నది.

మోసం మొదలయ్యేది ఇక్కడ

యాప్ పోయిన గాభరాలో చాలామంది చేసే పని ఒకటి. గూగుల్‌లో ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం వెతకడం. అక్కడ వచ్చే నంబర్లలో దొంగలు పెట్టినవి కూడా ఉంటాయి. ఫోను ఎత్తినవాడు చక్కని తెలుగులోనే మాట్లాడతాడు. అమ్మా, బాబాయ్ అని వరస కలుపుతాడు. మీ డబ్బు ఇరుక్కుపోయింది, నేను విడిపిస్తాను అంటాడు.

ఆ తరువాత మూడు దారులున్నాయి. మొదటిది, ఫోను తెరను దూరం నుంచి చూపించే ఎనీడెస్క్ వంటి యాప్ ఒకటి పెట్టుకోమంటాడు. అది మంచి పనికి చేసిన యాప్ అయినా, దాన్ని పెట్టుకుంటే మనం కొట్టేవీ, మనకు వచ్చే ఓటీపీలూ వాడికి కనిపిస్తాయి. రెండవది, డబ్బు తిరిగి రావాలంటే పిన్ను కొట్టమంటాడు. మూడవది, వాట్సప్‌లో ఒక ఫైలు పంపి దాన్ని నొక్కమంటాడు. పేరు చివర ఏపీకే అని ఉండే ఈ ఫైళ్లు పీఎం కిసాన్ పేరుతోనూ, వాహనాల చలానా పేరుతోనూ, బ్యాంకు కేవైసీ పేరుతోనూ తిరుగుతున్నాయి. నొక్కితే ఫోనుకు వచ్చే సందేశాలను దొంగ చదవగలుగుతాడు.

మూడింటికీ ఒకే విరుగుడు ఉన్నది. పైకం తీసుకోవడానికి పిన్ను ఎన్నడూ అక్కరలేదు. పిన్ను కొట్టడమంటే పైకం ఇవ్వడమే. యాప్ దింపుకోవలసింది ప్లే స్టోర్ నుంచే గాని, ఎవరో పంపిన ఫైలు నుంచి కాదు. ప్లే స్టోర్‌లోనూ అసలుదాన్ని పోలిన పేర్లు ఉండవచ్చు కనుక తయారు చేసిన కంపెనీ పేరు, ఎందరు దింపుకున్నారు అనేవి చూడాలి. బ్యాంకు నంబరు కావాలంటే ఏటీఎం కార్డు వెనుక, పాసుపుస్తకం మీద అచ్చయి ఉంటుంది. యాప్ కంపెనీ సాయం కావాలంటే తిరిగి పెట్టుకున్న యాప్‌లోనే హెల్ప్ అన్న చోట అడగాలి.

అయినా మోసపోతే సిగ్గుపడి దాచుకోరాదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఇది సైబరు మోసాల మీద ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. పైకం దొంగల ఖాతాలు మారకముందే కబురు అందితే దాన్ని అక్కడే నిలిపివేసే అవకాశం ఉంటుంది. అదే రోజు బ్యాంకుకూ, పోలీసుస్టేషనుకూ తెలపాలి. ఖాతాదారుడే పిన్ను వంటివి చెప్పి నష్టపోయినప్పుడు, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం అతనిదే అనీ, తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే అనీ రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వులో పేర్కొంది. ఒక గంట ఆలస్యానికి ఎంత విలువ ఉన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కంప్యూటర్లలోనూ ఇదే సూత్రం

మండల కేంద్రాల్లో డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు, రైసుమిల్లుల ఆఫీసులు, పలాస జీడి పరిశ్రమల లెక్కల గదులు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. అక్కడా ఇదే గాభరా. తెర మీది గుర్తు చెరిగితే ప్రోగ్రాము పోయిందనుకుంటారు. ఆ గుర్తు దారి చూపే బోర్డు వంటిది. బోర్డు పడిపోతే ఊరు పోదు. చెరిపిన వెంటనే కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే తిరిగి వస్తుంది. లేదా రీసైకిల్ బిన్ తెరిచి రిస్టోర్ అని నొక్కాలి. స్టార్ట్ మెనూలో పేరు కొట్టి వెతికినా ప్రోగ్రాము దొరుకుతుంది.

ప్రోగ్రామునే తీసేసి ఉంటే, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చినదైతే ఆ స్టోర్‌లో లైబ్రరీ అన్న చోట ఉంటుంది. బయట కొన్నదైతే సీడీ లేదా కంపెనీ వెబ్‌సైటు నుంచి, లైసెన్సు వివరాలతో మళ్లీ ఎక్కించాలి. ముందే రిస్టోర్ పాయింటు పెట్టి ఉంటే, విండోస్‌లోని సిస్టమ్ రిస్టోర్ ద్వారా ప్రోగ్రాములను ఆ పాత తేదీ నాటి స్థితికి తేవచ్చు.

టాలీ ప్రోగ్రాము తీసేసినా వ్యాపారం లెక్కలున్న ఫోల్డరు విడిగా ఉంటుంది. దాన్ని చెరపకుండా ఉంటే ప్రోగ్రామును తిరిగి ఎక్కించి లెక్కలు తెరవవచ్చు. అను ఫాంట్లు పోయిన కంప్యూటరులో పెళ్లి శుభలేఖ తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. శుభలేఖ చెడిపోయిందనుకుని మళ్లీ మొదటి నుంచి టైపు చేసేవారున్నారు. ఫాంట్లు తిరిగి ఎక్కిస్తే అక్షరాలు యథాతథంగా వస్తాయి.

ప్రమాదకరమైన మాట ఒకటే. అది ఫార్మాట్. రిపేరుకు ఇచ్చినప్పుడు ఫార్మాట్ కొడితే సరిపోతుంది అని అంటే, ముందు లెక్కలూ ఫొటోలూ వేరే డిస్కులోకి తీసుకున్నాకే ఒప్పుకోవాలి. పాత రకం హార్డు డిస్కులో ఫైలు చెరిపినా, అది వెంటనే తుడిచిపెట్టుకుపోదు. అడంగల్‌లో పేరు కొట్టేసినా మడిలో పైరు ఉన్నట్టే, ఆ చోట మరొకటి రాసేదాకా పాతది ఉంటుంది. కనుక ముఖ్యమైనది చెరిగిపోతే కంప్యూటరు వాడకం ఆపి, తెలిసినవారికి చూపించాలి. కొత్తగా వస్తున్న ఎస్ఎస్‌డీ డిస్కుల్లో ఈ అవకాశం చాలా తక్కువ. అక్కడ ముందే తీసిపెట్టుకున్న నకలు ఒక్కటే దిక్కు.

నోటుబుక్కులో నాలుగు ముక్కలు

ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి ఉంచవలసినవి నాలుగున్నాయి. ఫోనులోని గూగుల్ ఖాతా పేరు, బ్యాంకుకు ఇచ్చిన ఫోను నంబరు, ఏటీఎం కార్డు వెనుక ఉన్న బ్యాంకు సాయం నంబరు, 1930 నంబరు. పిన్ను మాత్రం రాయరాదు. ఫోను కవరులో చీటీ మీద పిన్ను రాసి పెట్టుకోవడం, తాళం చెవిని తాళానికే వేలాడదీయడం వంటిది.

పిల్లలకు ఫోను ఇచ్చే ఇళ్లలో ప్లే స్టోర్‌కు, డబ్బు యాప్‌లకు తాళం పెట్టుకోవాలి. ఫోను నిండినప్పుడు యాప్‌ల జోలికి పోకుండా ముందుగా పాత వీడియోలు, బొమ్మలు చెరిపితే చోటు దొరుకుతుంది.

ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. ఊళ్లలో బ్యాంకు మిత్రలు ఉన్నారు. పొదుపు సంఘాల సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. నెలకొకసారి అరగంట తీసుకుని, ఒక పాత ఫోనులో యాప్‌ను అందరి ముందూ తీసేసి, అందరి ముందూ తిరిగి పెట్టి చూపిస్తే పెద్దవాళ్ల భయం తీరుతుంది. యాప్‌ను తీసేశాక కూడా ఏటీఎంలో అదే నిలవ కనిపించడం ఒక్కసారి కళ్లారా చూసిన మనిషి, మర్నాడు ఎవడో ఫోను చేసి నీ డబ్బు ఇరుక్కుపోయింది అంటే నమ్మడు. బ్యాంకులూ అధికారులూ ఈ చిన్న పనికి పూనుకోవాలని గ్రామీణులు కోరుతున్నారు.